ఎవరు చూసుకుంటున్నారు? పాలియేటివ్ వలంటీర్ల చరిత్రలో స్త్రీలు

ఇంట్లో ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే మనం మొదట అడిగే ప్రశ్న 'ఏం జబ్బు?' అని. రెండోది 'ఎవరు చూసుకుంటున్నారు?' అని. ఈ రెండో ప్రశ్నకి జవాబుగా వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒక ఆడమనిషే. భార్య, కోడలు, పెద్ద కూతురు, పెళ్ళికాని చెల్లెలు, వీళ్ళెవరూ లేకపోతే నెలజీతానికి పెట్టుకున్న ఆయా. అక్కడితో మాట ఆగిపోతుంది. ఆమె ఆ పని ఎక్కడ నేర్చుకుంది, ఎవరు నేర్పారు అనే మూడో ప్రశ్న ఎవరికీ తట్టదు. కదలలేని మనిషిని నొప్పి పుట్టకుండా పక్కకి తిప్పడం, వాసనొచ్చే పుండుని మొహం చిట్లించకుండా కడగడం, మింగలేని మనిషికి చెంచాతో జావ పట్టడం, 'నేనింక బతకనా?' అని అడిగితే ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో తెలియడం - ఇవన్నీ ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తాయని నమ్ముతాం. ఆ నమ్మకానికి మనం పెట్టుకున్న అందమైన పేరు 'సేవ'. ఈ మాటలో పొగడ్త ఉంది. పొగడ్త వెనక శ్రమ మాయమైపోతుంది.

ఆ మూడో ప్రశ్నని గట్టిగా అడిగిన రంగం ఒకటుంది. నయంకాని జబ్బుతో ఉన్నవాళ్ళ బాధని తగ్గించి, చివరిదాకా మనిషిగా బతకనిచ్చే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. తెలుగులో ఉపశమన సంరక్షణ అనొచ్చు. డాక్టర్లు, నర్సులతో పాటు వలంటీర్లు కూడా కావాలనీ, ఆ వలంటీర్లకి శిక్షణ ఇవ్వాలనీ, వాళ్ళని కూడా ఎవరో ఒకరు చూసుకోవాలనీ ఈ రంగం మొదటినుంచీ అనుకుంది. ఈ శిక్షణ చరిత్రని స్త్రీల చరిత్రగా చదవొచ్చని నాకనిపిస్తుంది. అలా చదివితే తేలే విషయం ఒకటే. సంరక్షణ స్వభావం కాదు, నేర్చుకునే విద్య. విద్య అయినప్పుడు అది మగవాళ్ళకీ వస్తుంది. విద్య అయినప్పుడు దానికి గురువులు, సమయం, ఖర్చు, సెలవు, గౌరవం అన్నీ కావాలి.

ఈ కథ మొదలయ్యేది ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో, వితంతువులతో. ఝాన్ గార్నియే 1811లో పుట్టారు. చిన్న వయసులోనే భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకున్నారు. నగరంలో నయంకాని కేన్సర్లతో, కుళ్ళిన పుండ్లతో ఏ ఆసుపత్రీ చేర్చుకోని పేద స్త్రీలు ఉండేవారు. గార్నియే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుండ్లు కడగడం మొదలుపెట్టారు. 1842లో తనలాంటి వితంతువులతో ఒక సంఘం పెట్టారు. ఆ మర్నాటి సంవత్సరం అలాంటి రోగుల కోసం ఒక ఇల్లు తెరిచారు. ఆ సంఘంలో చేరినవాళ్ళు సన్యాసం పుచ్చుకున్న నన్‌లు కారు. మామూలు గృహస్థ స్త్రీలు. 1853లో ఆమె చనిపోయాక కూడా సంఘం నిలిచింది. 1874లో పారిస్‌లో ఇలాంటి ఇల్లు మొదలైంది. అది ఈనాటికీ గార్నియే పేరుతో నడుస్తోంది.

ఈ సంఘాన్ని మతభక్తితో చేసిన పుణ్యకార్యంగానే చాలామంది రాశారు. అందులో మతం ఉన్నమాట నిజమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. భర్త పోయిన స్త్రీ అంటే సమాజానికి మిగులు. పందొమ్మిదో శతాబ్దపు లియాన్‌లోనూ అంతే, అదే కాలపు గోదావరి జిల్లాల్లోనూ అంతే. వంటింటి మూలకి నెట్టబడిన మన వితంతువులు పురుళ్ళు పోస్తూ, రోగుల్ని చూస్తూ, ఊరందరి శవాల పక్కన కూర్చుంటూ బతికారు. వాళ్ళ పనికి లెక్కలేదు. లియాన్ వితంతువులకి జరిగిన తేడా ఏమిటంటే, వాళ్ళు ఆ పనిని ఇంటి గోడల్లోంచి బయటికి తెచ్చి, ఒక సంఘంగా చేశారు. కొత్తగా వచ్చిన స్త్రీ పాతామె పక్కన నిలబడి కట్టు కట్టడం నేర్చుకుంది. అదే మనకి తెలిసిన తొలి వలంటీరు శిక్షణల్లో ఒకటి.

ఆ తర్వాత 1879లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, 1905లో లండన్ తూర్పు పేటలో, మేరీ ఐకెన్‌హెడ్ స్థాపించిన సిస్టర్స్ ఆఫ్ చారిటీ నన్‌లు మరణానికి దగ్గరైన పేదల కోసం హాస్పిస్‌లు పెట్టారు. హాస్పిస్ అంటే చావు కోసం ఎదురుచూసే చోటు కాదు, నొప్పి లేకుండా ఉండగలిగే చోటు అనే అర్థం అక్కడ మెల్లగా స్థిరపడింది. అప్పటికి వైద్యశాస్త్రం దృష్టంతా రోగం నయం చెయ్యడం మీదే. నయంకాని మనిషి డాక్టరు ఓటమికి గుర్తు. ఓటమి దగ్గర నిలబడే పని ఆడవాళ్ళకి వదిలేశారు.

ఈ వదిలేసిన పనిని వైద్యశాస్త్రంగా మార్చిన మనిషి సిసిలీ సాండర్స్. 1918లో ఇంగ్లండ్‌లో పుట్టారు. యుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపేసి నర్సయ్యారు. నడుంనొప్పి వల్ల నర్సు పని చెయ్యలేక, ఆసుపత్రిలో రోగుల ఇబ్బందులు చూసే సామాజిక కార్యకర్తగా మారారు. అక్కడ వార్సా నుంచి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదుడు కేన్సర్‌తో చనిపోతూ కనిపించాడు. తనలాంటివాళ్ళకి ఒక చోటు ఉండాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. 1948లో చనిపోతూ అతను ఆమెకి 500 పౌన్లు వదిలి వెళ్ళాడు. ఆ సంవత్సరమే సాండర్స్ లండన్‌లోని సెంట్ లూక్స్ అనే హాస్పిస్‌లో సాయంత్రం పూట వలంటీరుగా చేరారు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. సాండర్స్‌ని పాలియేటివ్ కేర్ వ్యవస్థాపక వైద్యురాలిగా అందరూ చెప్తారు. ఆమె అసలైన పాఠం నేర్చుకున్నది వలంటీరుగా. సెంట్ లూక్స్‌లో నర్సులు నొప్పి మందుని రోగి అరిచేదాకా ఆగకుండా, వేళ ప్రకారం ఇచ్చేవారు. నొప్పి వచ్చాక దాన్ని తరమడం కన్నా రాకుండా చూడటం మేలన్నది వాళ్ళ అనుభవం. సాండర్స్ అది చూశారు. నర్సులు చెప్తే డాక్టర్లు వినరు, నువ్వే డాక్టర్‌వి కావాలి అని ఒక సర్జన్ సలహా ఇచ్చాడు. ముప్పై దాటాక వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరయ్యారు. నర్సుల చేతుల్లో ఉన్న జ్ఞానాన్ని డాక్టరు సంతకంతో రాస్తేగానీ లోకం దాన్ని జ్ఞానంగా ఒప్పుకోలేదు. ఈ ఒక్క జీవితం చాలు, స్త్రీల అనుభవానికీ అధికారిక జ్ఞానానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికి.

1967లో ఆమె దక్షిణ లండన్‌లో సెంట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. శరీరం నొప్పి, మనసు నొప్పి, డబ్బు కష్టం, బంధాల బెంగ, 'నాకే ఎందుకిలా' అనే ప్రశ్న - ఇవన్నీ కలిసి ఒకే నొప్పి అని ఆమె అన్నారు. దాన్నే సంపూర్ణ వేదన అన్నారు. నొప్పి ఇన్ని రకాలైనప్పుడు దాన్ని ఒక్క డాక్టరు తీర్చలేడు. అందుకే సెంట్ క్రిస్టఫర్స్‌లో వలంటీర్లకి మొదటినుంచీ చోటుంది. పూలు సర్దడం నుంచి రోగి పక్కన మౌనంగా కూర్చోవడం దాకా వాళ్ళ పనిని బృందంలో భాగంగా చూశారు.

దాదాపు అదే కాలంలో అట్లాంటిక్ అవతల ఎలిజబెత్ కూబ్లర్‌రాస్ అనే మానసిక వైద్యురాలు చనిపోబోతున్నవాళ్ళతో మాట్లాడుతున్నారు. 1969లో వచ్చిన ఆమె పుస్తకం 'ఆన్ డెత్ అండ్ డయింగ్' ప్రపంచమంతా చదివింది. దుఃఖానికి ఐదు దశలని ఆమె చెప్పింది అందరికీ గుర్తుంది. ఆమె తర్వాత చెప్పుకున్న ఒక అనుభవం మాత్రం అంతగా గుర్తులేదు. షికాగో ఆసుపత్రిలో ఒక నల్లజాతి స్త్రీ గదులు ఊడ్చేవారు. ఆమె వెళ్ళొచ్చిన గదిలో రోగి కాస్త నెమ్మదించి ఉండటం డాక్టరు గమనించారు. ఏం చేస్తున్నావని అడిగితే మొదట ఆమె భయపడిపోయారు. నేల తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదన్నారు. చాలా రోజులకి గానీ నోరు విప్పలేదు. పేదరికంలో, ఆసుపత్రిలో వైద్యం కోసం ఎదురుచూస్తూ తన బిడ్డ తన చేతుల్లోనే చనిపోయిందని చెప్పారు. చావు తనకి పాత పరిచయమనీ, భయపడుతున్న రోగుల దగ్గరికెళ్ళి ఒక్కోసారి చెయ్యి పట్టుకుంటాననీ చెప్పారు. కూబ్లర్‌రాస్ ఆమెని తన సహాయకురాలిగా తీసుకున్నారు. సహోద్యోగులకి అది మింగుడుపడలేదు.

ఈ కథలో ఇద్దరు స్త్రీలున్నారు. ఒకరి పేరు పుస్తకం అట్ట మీదుంది. ఇంకొకరిది చరిత్రలో 'ఊడ్చే మనిషి' అనే మాట. 'మనకు తెలియని మన చరిత్ర' అనే పేరుతో తెలంగాణ పోరాట స్త్రీల జ్ఞాపకాలు 1986లో తెలుగులో వచ్చినప్పుడు మనం నేర్చుకున్నదేమిటి? ఎవరు మాట్లాడారన్నదే కాదు, ఎవరిని అడగలేదన్నది కూడా చరిత్రే అని. మరణశయ్య పక్కన ఉన్నవాళ్ళ చరిత్రకీ అదే వర్తిస్తుంది. గురువు ఎవరు, శిష్యురాలు ఎవరు అనే ప్రశ్నకి ఆ షికాగో వార్డులో వచ్చిన జవాబు వైద్యకళాశాలలు ఊహించనిది.

వలంటీరు పని దయ నుంచి బాధ్యతగా మారింది కూడా అమెరికాలోనే. యేల్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ డీన్‌గా ఉన్న ఫ్లారెన్స్ వాల్డ్, 1963లో సాండర్స్ ఉపన్యాసం విన్నారు. ఆ తర్వాత డీన్ పదవి వదిలేసి హాస్పిస్ పనిలో పడ్డారు. 1974లో కనెక్టికట్‌లో ఆ దేశపు తొలి హాస్పిస్ ఆమె చొరవతోనే మొదలైంది. 1982లో ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ హాస్పిస్ ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. ఆ పథకంలో ఒక నియమం ఉంది. జీతగాళ్ళు రోగుల కోసం పనిచేసే మొత్తం గంటల్లో కనీసం 5 శాతానికి సమానంగా వలంటీర్లు పనిచెయ్యాలి. గంటలు లెక్కపెట్టాలంటే రికార్డు కావాలి. రికార్డు ఉండాలంటే పని ఏమిటో నిర్వచించాలి. వాళ్ళని ఎంపిక చేసే, శిక్షణ ఇచ్చే, పర్యవేక్షించే మనిషి కావాలి. లెక్కలోకి రావడం వల్ల పనికి ఒక రూపం వచ్చింది. ఇంటిపనిని జాతీయాదాయంలో లెక్కించమని స్త్రీవాదులు ఎందుకు పోరాడారో ఇక్కడ బాగా అర్థమవుతుంది. అదే సమయంలో ఈ లెక్కలో ఒక ప్రమాదమూ ఉంది. ఉచితంగా దొరికే చేతులు ఖర్చు తగ్గించే సాధనమూ కాగలవు.

1980ల్లో ఎయిడ్స్ వచ్చినప్పుడు అమెరికా నగరాల్లో కుటుంబాలు వెలివేసిన స్వలింగ సంపర్క యువకుల్ని వాళ్ళ స్నేహితులే చూసుకున్నారు. న్యూయార్క్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో వలంటీర్లు శిక్షణ తీసుకుని రోగికి తోడుగా వెళ్ళేవారు. వంట చేశారు, పక్కబట్టలు మార్చారు. వాళ్ళలో చాలామంది మగవాళ్ళు. 1998లో లూసియానా రాష్ట్రంలో అంగోలా అనే పెద్ద జైల్లో హాస్పిస్ మొదలైంది. అక్కడ వలంటీర్లు ఖైదీలే. చాలామంది యావజ్జీవ శిక్ష పడ్డవాళ్ళు. వాళ్ళు 40 గంటల శిక్షణ పొంది, చనిపోతున్న తోటి ఖైదీకి స్నానం చేయించారు, రాత్రిళ్ళు పక్కన కూర్చున్నారు. ఫ్లారెన్స్ వాల్డ్ కూడా జీవితం చివరి దశలో కనెక్టికట్ జైళ్ళలో ఖైదీల్ని హాస్పిస్ వలంటీర్లుగా తయారుచేసే పనిలోనే ఉన్నారు. హత్యానేరం మీద శిక్షపడిన మగవాడు నేర్చుకోగలిగిన పనిని, మన ఇంట్లో అన్నదమ్ములు 'మాకు చేతకాదు' అంటే నమ్మడమెలా?

ఇక మన దేశానికొస్తే, 1986లో ముంబయిలో శాంతి అవేద్న సదన్ తొలి హాస్పిస్‌గా మొదలైంది. కేన్సర్ నుంచి బయటపడిన హర్మాలా గుప్తా 1996లో ఢిల్లీలో కేన్‌సపోర్ట్ ప్రారంభించారు. 1990ల్లో గిల్లీ బర్న్ అనే ఇంగ్లీషు నర్సు మన దేశంలో ఊరూరా తిరిగి డాక్టర్లకీ నర్సులకీ నొప్పి నివారణ పాఠాలు చెప్పారు. అప్పటి పరిస్థితి ఎలాంటిదంటే, 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. నల్లమందు పండే దేశంలో కేన్సర్ రోగికి మార్ఫిన్ మాత్ర దొరకలేదు. ఆ చట్టాన్ని సవరించింది 2014లో. ఈ మధ్యకాలంలో ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఎంత అరిచి ఉంటారో, ఆ అరుపుల పక్కన ఎంతమంది స్త్రీలు చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంటారో!

మా ఇల్లు ఆ ఇళ్ళల్లో ఒకటి. మా నాయనమ్మకి గొంతు కేన్సర్ వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. పట్నంలో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు 'ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి' అని పంపేశారు. చేసేదేం లేదన్నమాట అమ్మకి వర్తించలేదు. ఐదు నెలలు అమ్మ చేసిన పనికి అంతులేదు. ముక్కు గొట్టంలోంచి పాలు పొయ్యడం అమ్మకి ఎవరూ సరిగా నేర్పలేదు. పొయ్యేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉంచాలో వార్డులో పక్కమంచం ఆమె చెప్పింది. పడక పుండు ఎందుకొస్తుందో, రెండు గంటలకోసారి పక్కకి ఎందుకు తిప్పాలో తెలిసేసరికి పుండు ముదిరిపోయింది. బంధువులొచ్చి 'నీ పుణ్యం ఊరికే పోదమ్మా' అని వెళ్ళేవారు. ఒక్క రాత్రి నేను కూర్చుంటాను, నువ్వు పడుకో అని అన్నవాళ్ళు మాత్రం లేరు. అమ్మకి కావలసింది పుణ్యం కాదు. నేర్పే మనిషి, మందు, ఆరుగంటల నిద్ర.

ఆ మూడూ ఊళ్ళోనే దొరికేలా చెయ్యొచ్చని కేరళ చూపించింది. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో ఎం.ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్ అనే ఇద్దరు ఎనస్థీషియా డాక్టర్లు, వైద్యులుకాని మిత్రులతో కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. ఆసుపత్రికి రాగలిగే రోగులు కొద్దిమందేనని కొన్నేళ్ళకి అర్థమైంది. 2000 దశకం మొదట్లో మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు వాళ్ళనే వలంటీర్లుగా చేసే పద్ధతి మొదలైంది. వారానికి కనీసం 2 గంటలు ఇవ్వగలిగిన ఎవరైనా చేరొచ్చు. 16 గంటల పాఠాలు. పాఠాలంటే ఉపన్యాసాలు కావు, చర్చలు. తర్వాత 4 రోజులు అనుభవజ్ఞుల వెంట పని. చివర ఒక పరీక్ష. ఆ తర్వాత పదిపదిహేనుమంది ఒక గుంపుగా ఏర్పడి తమ ప్రాంతంలో మంచానపడ్డవాళ్ళెవరో వెతుకుతారు. నర్సు, డాక్టరు వాళ్ళకి అండగా ఉంటారు. డబ్బు చాలావరకు ఊరివాళ్ళ చిన్నచిన్న చందాలే. రోగి ఇంటికి బియ్యం, పిల్లల బడి ఖర్చు కూడా వలంటీర్ల పనిలోకే వస్తాయి. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. పంచాయతీలు నర్సుని పెట్టుకుని ఇంటింటికీ పంపడం మొదలైంది. 2022లో మరణం విలువ మీద లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదిక కేరళని ప్రపంచానికి ఉదాహరణగా చూపింది.

ఇలాంటి శిక్షణల్లో ఏం నేర్పుతారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. సగం పాఠాలు చెయ్యకూడనివాటి గురించే. 'ధైర్యంగా ఉండండి, అంతా బాగైపోతుంది' అనకూడదు. అది అబద్ధం, పైగా రోగి నోరు మూసేస్తుంది. అడగని సలహా ఇవ్వకూడదు. తన మతాన్ని రోగి మంచం దగ్గరికి మోసుకెళ్ళకూడదు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. రోగి ఏడిస్తే ఆపమనకూడదు. మనం 'స్త్రీ సహజం' అనే ఓదార్పులో చాలాభాగం ఈ పాఠాల్లో తప్పుల పట్టికలోకి వెళ్తుంది. అంటే వినడం కూడా సహజంగా రాదు, సాధన చెయ్యాలి.

ఇంత మంచి నమూనాని కూడా జెండర్ ప్రశ్న అడగకుండా వదలలేం. వారానికి 2 గంటలు ఎవరి దగ్గరుంటాయి? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు ఖర్చుపెట్టేవారు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ళ సంరక్షణ చేసేవాళ్ళలో స్త్రీలు 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు. రోజంతా ఇంట్లో చాకిరీ చేసిన స్త్రీ మళ్ళీ ఇంకో ఇంటికి అదే చాకిరీకి వెళ్తే దాన్ని సామాజిక సేవ అందామా? లేక ఇంటిపనికి ఇంకో వీధి చేర్చడమా? నిజాయితీగా చెప్పాలంటే రెండూ. బయటి ఇంట్లో ఆమెకి పేరుంది, గుంపు ఉంది, నేర్చుకున్న పనికి గుర్తింపు ఉంది. తన ఇంట్లో లేనిది అదే.

'వలంటీరు' అనే మాటే మన దగ్గర జారుడుగా తయారైంది. 2005లో మొదలైన ఆశా కార్యకర్తలు ప్రభుత్వ కాగితాల మీద వలంటీర్లే. చేసేది పూర్తికాలపు పని, అందేది గౌరవ వేతనం. 2025లో కేరళ రాజధానిలో సెక్రటేరియట్ ముందు ఆశాలు నెలల తరబడి కూర్చుని అడిగింది ఆ తేడా గురించే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత వలంటీరంటే గుర్తొచ్చేది పింఛను ఇంటికి తెచ్చిచ్చిన మనిషి. స్వచ్ఛందం అంటే వద్దనుకుంటే మానెయ్యగలగడం. బతుకు తెరువుకి చేసే పనికి ఆ పేరు పెడితే అది మోసం. పాలియేటివ్ కేర్‌లో నర్సుకీ ఆయాకీ ఆశాకీ జీతం ఇవ్వకుండా తప్పించుకోవడానికి వలంటీర్లని వాడకూడదు. ఈ గీత స్పష్టంగా గియ్యకపోతే సేవ పేరుతో మళ్ళీ దోపిడీయే.

కులం మాట కూడా చెప్పుకోవాలి. లియాన్‌లోనో లండన్‌లోనో పుండు కడగడం త్యాగం. మన దగ్గర మలమూత్రాలు ఎత్తే పనికి శతాబ్దాల కులముద్ర ఉంది. ఇవాళ హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్ళకి డయపర్లు మార్చేది ఏజెన్సీలు పంపిన పేదింటి అమ్మాయిలు. వాళ్ళకి శిక్షణ ఉండదు, రాత్రి పడుకోవడానికి సరైన చోటుండదు. పైకులపు వలంటీరు అరగంట మాట్లాడి వెళ్తే ఆమె కరుణామయి, ఇరవైనాలుగు గంటలుండే అమ్మాయి పనిమనిషి. శిక్షణ నిజంగా శిక్షణ అయితే మొదటిరోజే అందరిచేతా ఒకే పని చేయించాలి. మాట్లాడేవాళ్ళు వేరు, కడిగేవాళ్ళు వేరు అనే విభజన ఒప్పుకోకూడదు. అలాగే ఆ అమ్మాయికీ పాఠశాల తలుపు తెరవాలి. ఆమెకి తెలిసినది పాఠంలో చేరాలి.

వలంటీరుని చూసుకోవడం అనేది ఇంకో పెద్ద సంగతి. వరసగా ముగ్గురు నలుగురు చనిపోవడం చూసిన మనిషి లోపల ఏమవుతుంది? మనం ఆడవాళ్ళకి చెప్పేది 'మనసు గట్టి చేసుకో' అని. ఈ రంగం చెప్పేది దానికి వ్యతిరేకం. మనసు గట్టిపడితే పని చెడుతుంది. కాబట్టి కొన్ని రోజులకోసారి అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. చనిపోయినవాళ్ళని తలుచుకోవాలి. కావాలంటే కొన్నాళ్ళు పని నుంచి తప్పుకోవాలి, తప్పుకున్నందుకు ఎవరూ తప్పుపట్టకూడదు. ఇటీవలే సొంత ఇంట్లో చావు చూసినవాళ్ళని వెంటనే పనిలో దింపకూడదు. ఒంటరిగా కొత్త ఇంటికి పంపకూడదు. బస్సు ఛార్జీ చేతినుంచి పెట్టుకోనివ్వకూడదు. రోగి అయినా, రోగి బంధువు అయినా అసభ్యంగా ప్రవర్తిస్తే చెప్పుకునే చోటుండాలి. స్త్రీల సంఘాల్లో పనిచేసినవాళ్ళకి ఇవి కొత్తవి కావు. గృహహింస బాధితుల మాటలు విని విని అలిసిపోయినవాళ్ళం, ఒకరినొకరు పట్టుకుని నిలబడటం ఎలాగో కష్టపడి నేర్చుకున్నాం.

తెలుగు ప్రాంతాల్లో ఈ పని లేకపోలేదు. 2000ల మధ్యలో హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ వంటివారి కృషితో పాలియేటివ్ విభాగం ఎదిగింది. నగరంలో హాస్పిస్‌లు వచ్చాయి. కొన్ని జిల్లా ఆసుపత్రులకీ ఈ సేవలు చేరాయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరమైతే, అందుతున్నది దాదాపు 14 శాతానికే. మిగతా భారం ఇళ్ళమీద, అంటే ఇళ్ళల్లోని ఆడవాళ్ళమీద ఉంది.

సాహిత్యం చదువుకున్నదాన్నిగా నేను చెప్పగలిగేది ఒకటుంది. శిక్షణ తెలుగులో జరగాలి. పుస్తకాల తెలుగులో కాదు, నొప్పి మాట్లాడే తెలుగులో. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, పీకడం వేరు, గుంజడం వేరు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వేరు. మంట, జివ్వుమనడం నరాల నొప్పికి సూచన కావచ్చు, దానికి మందు వేరు. రోగి 'సలుపుతాంది' అంటే వలంటీరు కాగితం మీద 'నొప్పి' అని రాసుకుంటే మందు మారిపోతుంది. ఈ మాటలు నిఘంటువుల కన్నా మన అమ్మమ్మల నోళ్ళలో ఎక్కువ. మనిషి పోయినప్పుడు గుణగణాలు ఎత్తి ఏడ్చే స్త్రీల శోకాలూ అంతే. దుఃఖాన్ని గుంపుగా మొయ్యడం ఆ ఏడుపులకి తెలుసు. వాటిని మోటుదనమని వదిలించుకుని, దుఃఖం గురించి ఇంగ్లీషు పాఠం కోసం వెతుక్కుంటున్నాం.

లియాన్ వితంతువుల నుంచి మలప్పురం వీధుల దాకా వచ్చిన ఈ దారిలో స్త్రీలు చేసింది ఒక్కటే. తమకి అంటగట్టిన పనిని తీసి బల్లమీద పెట్టి, ఇది విద్య, రండి అందరూ నేర్చుకోండి అన్నారు. ఇకమీదట మన పత్రికలు, మన సంఘాలు, మన పంచాయతీలు అడగాల్సినవి కూడా అక్కడినుంచే మొదలవుతాయి. ప్రతి ఊళ్ళో నేర్పే మనిషి ఎవరు? నేర్చుకునేవాళ్ళలో మగవాళ్ళెంతమంది? చూసుకునే మనిషికి నిద్ర ఎవరిస్తారు? 'ఎవరు చూసుకుంటున్నారు?' అనే ప్రశ్నకి ఒక ఆడపేరు కాకుండా ఒక ఊరి పేరు జవాబుగా వచ్చిన రోజున సేవ అనే మాటని మనం సంతోషంగా వాడుకోవచ్చు. అంతవరకూ దాన్ని పని అనే పిలుద్దాం.